జంపక్క మళ్ళీ కాచిన సారా

హైదరాబాద్ బార్‌లో ఇరవై ఏండ్లు మందు కలిపిన. చదివింది ఏడో తరగతి. బార్ మూతబడ్డంక మా ఊరు ఖానాపురం హవేలిలో తమ్ముని ఇంట్ల ఒక అర్రలో పడున్న. నలభై ఎనిమిదేండ్లోనికి పనెవడిస్తడు? 2006 ఎండాకాలంల భద్రాచలం దగ్గర రిసార్టు పెడుతున్నరంటే పోయిన.

"గ్లాసులు నింపెటోళ్లు మస్తుమంది ఉన్నరు. నువ్వు కొత్తగ ఏం చేస్తవ్ ఇన్నయ్యా?" అన్నడు ఓనర్ రాంబాబు.

"లిక్యూర్ చేస్త సార్."

లిక్యూర్ అంటే మందుల ఏదన్న నానబెట్టి, తియ్యగ చేసేది. తిన్నంక చిన్న గ్లాసుల పోసుకొని చప్పరిస్తరు. నారింజ తొక్కలది, కాఫీ గింజలది, పుదీనాది, బాదంది, ఎన్ని పోసిన్నో ఈ చేతుల్తోటి. అన్నీ ఫారిన్ సీసాలే. ఇప్పపువ్వుతోటి కాచే ఇప్పసారాల చేసినోన్ని నేను చూడలే. గదే చేస్తనన్న.

"పర్మిషన్ నేను చూసుకుంట. పదిహేను రోజులల్ల రుచి చూపియ్. బాగుంటే బార్ నీదే," అన్నడు.

చర్ల అవతల అడవి గూడెంల జంపక్క కాచే ఇప్పసారాకు పేరుంది. ఆమె ఇంట్లనే కుండల నారింజ తొక్క, సోంపు, అడవి తేనె వేసి నానబెట్టిన. "మూత తియ్యకక్కా," అని చెప్పిన. ఎందుకో చెప్పలే. ఆమెకేం తెలుస్తదిలే అనుకున్న.

పద్నాలుగో రోజు పోతే కుండ కడిగి బోర్లేసి ఉంది. పక్కన రెండు సీసాలు, నీళ్లలెక్క తెల్లగ.

"ఏందక్కా ఇది?"

"నీదే తమ్ముడా. మూత తీస్తే తొక్కలు, గింజలు తేలుతున్నయ్. వడగట్టి మళ్ళీ కాచిన. సగమైంది గని, ఎంత తేటగుందో చూడు."

"తియ్యొద్దన్న గద!"

"గట్లెట్ల? సారా గడప దాటేముందు సచ్చిన పెద్దలకు నాలుగు సుక్కలు పొయ్యాలె. చెత్త నీళ్లు పోస్తే మా అత్త ఊకుంటదా? బతికున్నప్పుడే ఊకోలే."

ఆవిరైన సారానే సీసాలకొచ్చింది; రంగు పోయింది, తేనె తీపి పోయింది. మళ్ళీ నానబెట్టే టైం లేదు. తిట్టుకుంటనే ఆ సీసాలు పట్టుకపోయిన.

రాంబాబు ఒక గుక్క తాగి, "తీపేది?" అన్నడు. ఇంకో గుక్క తాగిండు. "కానీ ఈ వాసన! నారింజ ముందొస్తుంది, సోంపు ఎనకొస్తుంది. గొంతుల గరగర లేదు. ఎవరు కాచిండ్రు?"

"నేనే సార్."

"శభాష్. పెరట్ల పొయ్యి పెట్టిస్త. రేపు నా ముంగటనే కాచు."

నాకు కాచరాదు. మంట ఎంత పెట్టాల్నో, ఎక్కడ ఆపాల్నో ఎన్నడు చూసిన్నని? నిజం చెప్పక తప్పలే.

"అయితే ఆమెను తోల్కరా. ఆమె వస్తే నువ్వూ ఉండు. రాకుంటే నువ్వూ వద్దు," అన్నడు.

పొద్దుగాల్నే జీపెక్కి మళ్ళీ చర్ల పోయిన. జంపక్క అడవి కొట్టి చేసుకున్న పోడు చేన్ల రాళ్లు ఏరుతుంది.

"నేనొస్తే ఈ పోడెవరు చూస్తరు? ఖాళీగుందంటే ఫారెస్టోళ్లు మొక్కలు నాటుకుంటరు," అంది.

"నా బతుకు కోసమన్న రా అక్కా."

"నా బతుకు ఇది గద తమ్ముడా. కాచుడు నేర్పుతగని, నువ్వే ఉండు."

"ఎన్ని రోజులు పడుతది?"

"రోజులేంది! నాలుగు ఎండాకాలాలు ఇప్పపువ్వు ఏరితే చెయ్యి కుదురుతది."

చర్ల సెంటర్ల కాయిన్ బాక్సు నుంచి ఫోన్ చేసిన. "ఆమె రాదంట సార్. కానీ నేను..." అంటుండంగనే రాంబాబు పెట్టేసిండు.

భద్రాచలం బస్సుకు ఇంక గంట ఉంది. ఎక్కితే తమ్ముని ఇంట్ల అర్ర, ఎక్కకుంటే నాలుగు ఎండాకాలాలు.