బూడిదలో చల్లారిన స్ప్రింగు

కమ్మరి షెడ్డులో అతను ఎర్రగా కాలిన స్ప్రింగును పట్టకారుతో కొలిమిలోంచి తీసి నూనె తొట్టిలో ముంచాడు. చుయ్యిమని పొగ లేచింది. పక్కవాళ్ళంతా మొహాలు తిప్పుకున్నారు గానీ అతను తిప్పుకోలేదు. ముప్పయ్యెనిమిదేళ్ళుగా ఆ పొగ పీల్చిన ముక్కుకి ఇంట్లో పాలు మాడినా తెలియదని భార్య దెప్పుతుంటుంది.

నూనెలో మునిగిన ఉక్కు గాజులా పెళుసుబారుతుంది. దాన్ని మళ్ళీ సన్నని సెగ మీద పెట్టి, గోధుమరంగు, ఊదారంగు దాటి నీలం తిరగగానే తీసెయ్యాలి. అప్పుడే ఎంత నొక్కినా తిరిగి లేస్తుంది. ఆ నీలాన్ని పట్టుకోవడంలో అతను చేయి తిరిగినవాడు. అందుకే షెడ్డులో అందరికీ నీలం బాబాయ్. అసలు పేరు హాజరు పుస్తకానికే తెలుసు.

భార్యకి పక్షవాతం వచ్చి ఆర్నెల్లయింది. కుడిపక్కంతా పడిపోయింది, చేతిలో మాత్రం కాస్త పట్టు మిగిలింది. "ఈ చేత్తో రోజూ స్ప్రింగు నొక్కించండి. పూర్తిగా మూసుకున్న రోజున లేపి నడిపిద్దాం," అంది ఇంటికొచ్చే నర్సమ్మ. ఆ మాటను భార్య పట్టుకుని వదల్లేదు. అతను రెండు చెక్కబిళ్ళల మధ్య స్ప్రింగు బిగించి ఇచ్చాడు. సగం కూడా దిగలేదు. తర్వాత ఇంకాస్త సన్నని తీగతో చుట్టి, అవే చెక్కలకి బిగించి, ఏమీ ఎరగనట్టు చేతిలో పెట్టాడు. "మొన్నటికంటే దిగింది చూడయ్యా!" అని మురిసిపోయింది. అలా నాలుగుసార్లు తీగ మార్చాడు. తీగకంటే తొందరగా ఆమె బలమే తగ్గిపోతోంది. కట్టుకున్నదాన్ని మోసం చేస్తున్నానని తెలిసీ, ఆమెతోపాటు సంబరపడేవాడు.

ఇక షెడ్డులో అంతకన్నా సన్నని తీగ లేదు. మధ్యాహ్నం అందరూ తిండికి లేచాక, చివరి స్ప్రింగును ఎర్రగా కాల్చి, నూనెలో ముంచకుండా బూడిదలో పాతిపెట్టాడు. అలా నిదానంగా చల్లారితే ఉక్కు మెత్తబడుతుంది. నొక్కితే దిగుతుంది గానీ ఇక లేవదు. మేస్త్రి చూడనే చూశాడు.

"బూడిదలో పెట్టావేంటి బాబాయ్? మతిగానీ పోయిందా?"

"ఒక్కసారి దిగితే చాలురా."

మేస్త్రికి సంగతి అర్థమైంది. సాయంత్రందాకా ఆగక్కర్లేదు, ఇంటికి పొమ్మన్నాడు.

ఇంట్లో ఆమె దిండ్లకి ఆనుకుని కూర్చుంది. అతనే ఆమె వేళ్ళను ఒక్కొక్కటిగా మడిచి ఆ స్ప్రింగు బిగించిన చెక్కల మీద పెట్టాడు. ఆమె పళ్ళు బిగించి నొక్కింది. చుట్టలన్నీ ఒకదాని మీదొకటి కూర్చున్నాయి.

"మూసుకుంది!" ఆమె మొహం వెలిగిపోయింది.

వేళ్ళు సడలాయి. స్ప్రింగు లేవలేదు. చుట్టలకి అంటిన బూడిదను ఆమె ఎడమచేత్తో తడిమింది.

"బూడిదలో పెట్టావు కదూ?"

అతను స్ప్రింగును తీసేసుకోబోయాడు.

"తీగలు మార్చినప్పుడూ తెలుసయ్యా. నువ్వంత సంబరపడుతుంటే నేనెందుకు చెప్పాలి?" అని నవ్వింది. "దీన్ని చేతిలోనే ఉండనీ. పోయి కాసిన్ని పాలు కాచుకురా. మాడ్చకు."

పొయ్యి దగ్గర నిలబడి, నీలం కోసం కాచుకున్నట్టే పాలకేసి రెప్ప వాల్చకుండా చూశాడు. పొంగు రాగానే దించాడు. ఈసారి మాడలేదని చెబుదామని గ్లాసుతో వచ్చేసరికి ఆమె తల దిండు మీద పక్కకి వాలి ఉంది. పిలిచాడు. మళ్ళీ పిలిచాడు.

గ్లాసు కింద పెట్టి, ఇంకా వెచ్చగానే ఉన్న ఆ చేతిని తీసుకుని వేళ్ళు విప్పాడు. చెక్కబిళ్ళల మధ్య స్ప్రింగు మూసుకునే ఉంది.