శ్రీదివ్య ఊపిరితిత్తుల ఫొటో

వెల్దుర్తి దగ్గర నాపరాళ్ల క్వారీలో పనిచేసే రోశయ్యకు టీబీ అని తేలింది. మందులు మొదలైన పదో రోజున ఆశా వర్కర్ వచ్చి, ఇంట్లో ఐదేళ్లలోపు పిల్లలెవరైనా ఉన్నారా అని అడిగింది. ఒక్క మనవరాలు ఉంది. శ్రీదివ్య, నాలుగేళ్లు. తాత పక్కలో పడుకునేది, తాత కంచంలోనే తినేది.

"అయితే పాపను ఆస్పత్రికి తీసుకురండి. ఊపిరితిత్తుల ఫొటో తియ్యాలి" అని చెప్పి వెళ్లింది.

మర్నాడు కొడుకూ కోడలూ మిరపకోతకు పోయారు. నాయనమ్మ సీతారావమ్మే పాపకు తలంటి, బిగించి జడ వేసి, కొత్త గౌను తొడిగింది. ఫొటో అన్నారు కదా అని కాటుక పెట్టి, పౌడరు కూడా రాసింది. రోశయ్య మాస్కు పెట్టుకుని ఆటోలో ఓ చివరన ఒదిగి కూర్చున్నాడు. జబ్బు సంగతి తెలిసిన నాటినుంచి ఆయన మనవరాలిని దగ్గరకు రానివ్వడం లేదు.

ఆస్పత్రిలో డాక్టర్ అపర్ణ చేరి మూడు నెలలు కూడా కాలేదు. పాప బరువు చూసింది. జ్వరం గానీ దగ్గు గానీ ఉన్నాయా అని అడిగింది.

"దగ్గా? దీనికి దగ్గటానికి తీరికేదమ్మా, రోజంతా మాట్లాడతానే ఉంటే" అంది సీతారావమ్మ.

ఎక్స్‌రే గదిలో టెక్నీషియన్ గోపీచంద్ పాపను నిలబెట్టి, "గట్టిగా గాలి పీల్చి బిగబట్టమ్మా" అన్నాడు. శ్రీదివ్య బుగ్గలు పూరించి, పుట్టినరోజు కొవ్వొత్తులు ఆర్పినట్టు ఊదేసింది. కాదు, లోపలికి అన్నాడు. ఇంకా గట్టిగా ఊదింది. తానే పీల్చి చూపించాడు. ఆయన ముఖం చూసి పాప పడీపడీ నవ్వింది. చివరికి సీతారావమ్మకు కిరణాలు తగలకుండా బరువైన సీసపు కోటు తొడిగి, పాప చేతులు పట్టుకోమన్నాడు.

"ఏందయ్యా ఇది, రుబ్బురోలు కట్టినట్టుంది" అని ఆమె గొణుగుతుండగానే మీట నొక్కాడు.

కంప్యూటర్ తెర మీద బొమ్మ చూసి అపర్ణ గుండె జారిపోయింది. ఊపిరితిత్తులు రెండూ మంచు కమ్మినట్టు తెల్లగా ఉన్నాయి. గుండె పెద్దదిగా ఉంది. అన్నిటికీ మించి, కుడివైపు భుజం ఎముక కింద లావాటి నీడ ఒకటి మెలికలు తిరిగి ఉంది.

సీతారావమ్మ వెనకనుంచి తొంగి చూసి, "ఇయ్యి నా గాజులు గదూ! చానా బాగా పడినయ్" అని మురిసిపోయింది.

"గాజుల సంగతి తర్వాత పెద్దమ్మా. ఇక్కడ నీడ ఉంది చూశారా? కాస్త అనుమానంగా ఉంది."

"ఏది, ఆ మెలికల మెలికలదా? అది జడమ్మా!"

"గడ్డా? గడ్డ అని ఇప్పుడే చెప్పలేం..."

"గడ్డ గాదు తల్లీ, జడ! పొద్దున నేనేసిందే. మూడు పాయలు తెలవటల్లా? కింద రబ్బరుబ్యాండు గూడా పడింది చూడు."

అపర్ణ తెర వంక చూసింది. పాప వంక చూసింది. జడ కుడి భుజం మీదుగా ముందుకు పడి ఉంది. డాక్టరమ్మ చెవులు ఎర్రబడ్డాయి. గోపీచంద్ పైకప్పు వంక దీక్షగా చూడసాగాడు. అప్పుడు ఆమెకు చదువుకున్నదంతా వరసగా గుర్తొచ్చింది. గాలి బయటికి వదిలినప్పుడు తీస్తే చిన్నపిల్లల ఊపిరితిత్తులు ఇలాగే తెల్లగా, గుండె ఇలాగే పెద్దగా కనిపిస్తాయి.

మళ్లీ తీయాల్సిందే. జడ నడినెత్తిన ముడి పడింది. ఊదకుండా పీల్పించడం ఎలాగన్నదే సమస్య. గోపీచంద్ కాసేపు ఆలోచించి, తన అన్నం క్యారేజీ తెచ్చి డాక్టరమ్మ చేతికిచ్చాడు. ఈసారి సీసపు కోటు ఆమే తొడుక్కుని, గిన్నె మూత తీసి పాప ముక్కు ముందు పట్టుకుంది.

"ఇందులో ఏముందో వాసన చూసి చెప్పు."

శ్రీదివ్య కళ్లు మూసుకుని, భుజాలు పైకి లేచేలా గాలి పీల్చింది. మీట టక్కుమంది.

"నాటుకోడి!" అంది శ్రీదివ్య.

ఆ గిన్నెను పాప ఇక వదల్లేదు. తనకు రెండు ముక్కలు మిగిల్చిందని గోపీచంద్ తర్వాత చెప్పుకున్నాడు.

ఈసారి ఊపిరితిత్తులు నల్లగా, తేటగా ఉన్నాయి. అయితే గుండె పక్కన మూడు కోణాల తెల్లటి నీడ ఒకటి కనిపించింది. అపర్ణ సీతారావమ్మ వంక చూసింది.

"అది మాత్రం నేనెయ్యలా" అంది ఆమె వెంటనే.

అపర్ణ ఈసారి తొందరపడలేదు. నరసరావుపేటలో ఉండే పిల్లల డాక్టరు నాగభూషణరావుగారికి బొమ్మ పంపి ఫోన్ చేసింది.

"తెరచాపలాగా ఉందిగా? థైమస్ గ్రంథి అమ్మా. ఈ వయసులో ఉండాల్సిందే, పెద్దయ్యేకొద్దీ అదే తగ్గుతుంది. పాపకు జబ్బేం లేదు. రాకుండా మందు మొదలుపెట్టు" అన్నాడాయన.

సీతారావమ్మకు ఇది నచ్చలేదు. "ఏం లేదంటారు, మళ్లా మందంటారేంది?"

"తాత దగ్గినప్పుడు క్రిములు పాపలోకి చేరి ఉండొచ్చు పెద్దమ్మా. పసిపిల్లల్లో అవి తొందరగా పెరుగుతాయి. వాటిని ముందే చంపెయ్యాలి. ఆరు నెలలు రోజూ మాత్ర వెయ్యండి."

గుమ్మం బయట రోశయ్య అంతా విన్నాడు. "అంతా నా మూలానే గదమ్మా" అన్నాడు. మాస్కు పైన కళ్లు తడిగా ఉన్నాయి.

"మీరు కావాలని తెచ్చుకున్నారా? మాత్రలు మానకుండా వేసుకోండి. ఇంకో వారం పోతే పాపను ఎత్తుకోవచ్చు."

"మానకుండానా?" అంది సీతారావమ్మ. "కడుపులో తిప్పుద్దని రెండ్రోజులకోసారి ఎగ్గొడతన్నాడమ్మా ఈయన!"

ఆ మాట శ్రీదివ్య విన్నది. మర్నాడు పొద్దున్నే తాతకు ఎదురుగా, మూడడుగుల దూరంలో పీట వేసుకుని కూర్చుంది. తన మాత్ర మింగి, నడుము మీద చేతులు పెట్టింది.

"తాతా, నువ్వు. ఇప్పుడు ఆ అను. నాలిక పైకెత్తు. ఇంకా!"

ఆరు నెలల్లో రోశయ్య ఒక్క రోజు కూడా తప్పించుకోలేకపోయాడు. ఒకసారి మాత్ర బుగ్గన దాచబోతే, శ్రీదివ్య వీధంతా వినపడేలా అరిచి మింగించింది. చివరికి కళ్లె పరీక్షలో ఏమీ లేదని వచ్చింది. ఇద్దరికీ ఇక మందులు అక్కర్లేదని అపర్ణ చెప్పింది. రోశయ్య మనవరాలిని ఎత్తుకుని, రెండు చేతులూ ఖాళీ లేక తలతోనే దణ్ణం పెట్టాడు.

శ్రీదివ్య ముఖం మాత్రం వేలాడిపోయింది.

"డాక్టరమ్మా, మరి నాయనమ్మకి ఏం మాత్రల్లేవా?"

సీతారావమ్మ అప్పటికే ఆటో దగ్గరికి వెళ్లిపోయింది.