బీరుకు కట్టిన వాసెన

మా ఆవిడ నీరజకు బీరంటే ఏమిటో తెలియదు, ఊరబెట్టడమంటే తెలుసు. నాకు బీరు తెలుసు, ఊరబెట్టడం తెలియదు. కెనడాలోని విండ్సర్‌లో కార్ల ఫ్యాక్టరీ నుంచి రిటైరయ్యాక, బేస్‌మెంట్‌లో మొదటిసారి నల్లబీరు కాచినప్పుడు ఈ సంగతి తేలింది.

"అరవై దాటాక సారాబట్టీ పెట్టారా?" అని ముందు ఎగతాళి చేసింది. కానీ ఉడికిన బార్లీ మాల్టు వాసనకి మెల్లగా మెట్లు దిగి వచ్చింది. నేను బకెట్టుకు మూత బిగించి పడుకుంటే, తెల్లారేసరికి దాని మీద పాత నేతచీర ముక్కతో వాసెన కట్టేసి ఉంది. మూడో రోజు నేను కిందికి వెళ్ళేసరికి మూత తీసి తెడ్డుతో కలుపుతోంది.

"ఏం చేస్తున్నావే?"

"మూడో రోజు కదండీ. తిరగకలపొద్దూ?"

"ఇది ఆవకాయ కాదే తల్లీ. గాలి తగిలితే పాడైపోతుంది."

"తడి చెయ్యి తగలనివ్వలేదు లెండి," అని ధీమాగా మూత పెట్టేసింది.

ఆ కోపంలో అంతా పారబోద్దామనుకున్నాను. పారబోయనివ్వలేదు. రెండు వారాలు పులిశాక సీసాలు తను కడిగితే నేను నింపి మూతలు కొట్టాను. ఈ రకం బీరు చలికాలం దాకా ఆగితేగాని దారికి రాదు. ఆ వారమే దూరాన ఏజాక్స్ ఊళ్ళో మా అమ్మాయి చంద్రికకు కొడుకు పుట్టాడు. నీరజ బయల్దేరుతూ గుమ్మంలో ఆగింది.

"నేనొచ్చాకే తియ్యండి. నేనూ ఓ గుక్క తాగి చూస్తా. నా చెయ్యి పడింది కదా."

నెలలో వచ్చేస్తానంది. చిన్నుగాడికి కడుపునొప్పి, చంద్రికకు నిద్ర లేదు. నెల కాస్తా సాగింది. ఫోన్ చేస్తే చంద్రిక ఎత్తేది. "డాడ్, అమ్మ ఈజ్ గివింగ్ హిమ్ ఎ బాత్. కెన్ షీ కాల్ యూ బ్యాక్?" అమ్మ మర్చిపోయేది. పెళ్ళయి ఇన్నేళ్ళయ్యాక నువ్వు లేక తోచడం లేదని చెప్పడానికి నోరు రాదు. మాట్లాడ్డానికి ఓ వంక కావాలి. ఒక ఆదివారం సీసా తెరిచి ఫోన్ చేశాను.

"నువ్వు కలిపింది పాడైంది. గొంతు గీరుకుపోతోంది."

నీరజ నవ్వింది. పిల్లాడిని చంద్రిక చేతికిచ్చి పక్కగదిలోకి వెళ్ళి అన్నీ అడిగింది. చేదా, పులుపా, పచ్చి వాసనా? "ఇంకా ఊరలేదండీ. కాస్త ఆగండి," అంది. చాలా రోజుల తర్వాత ఆవేళ కడుపునిండా మాట్లాడుకున్నాం.

ఎక్కడ ఆగుతాను? మళ్ళీ ఆదివారం మరో సీసా. "ఇవాళ ఎలా ఉంది?" అని తనే ముందు అడిగేది. వారం వారం గొంతు గీరడం తగ్గింది, పులుపు పోయింది, అడుగున మాడిన బెల్లం రుచి ఏదో తగలడం మొదలైంది. కూర్చుని తింటే కొండలైనా కరుగుతాయంటారు, సీసాలొక లెక్కా? బీరు మంచిదయ్యేకొద్దీ సీసాలు అయిపోతూ వచ్చాయి.

ఆఖరి సీసాను బియ్యం బస్తా వెనక దాచాను. దానితో ఫోన్ చేసే వంకా పోయింది. కిటికీలోంచి మంచు చూస్తూ కూర్చునేవాణ్ణి. ఇల్లంతా చలిగా ఉన్నట్టుండేది, హీటర్ పెంచినా.

జనవరిలో రైల్లో వచ్చింది. కాస్త చిక్కింది. కోటైనా విప్పకుండా తిన్నగా బేస్‌మెంట్‌లోకి దిగి, ఖాళీ సీసాల వరుస చూసింది. నేను దాచిన సీసా తెచ్చి రెండు స్టీలు గ్లాసుల్లో పోశాను. బెల్లం పాకంలో ఎండుద్రాక్ష వేసినట్టు వాసన. నీరజ ఓ గుక్క మింగి కళ్ళు మూసుకుంది.

"ఇప్పుడు ఊరింది," అంది.

"ఇదే ఆఖరుది. ఇంక లేవు."

"తెలుసు. ఆదివారానికొకటి పోతోంది కదా."

"తెలిస్తే ఆపొచ్చుగా?"

"ఆపితే మీరు ఫోన్ చేసేవారా?"

నాకు ఏడుపొచ్చింది. గ్లాసు అడ్డం పెట్టుకున్నాను.

చిన్నుకి డేకేర్‌లో సీటు వేసవికిగాని దొరకదు. నాలుగు రోజులుండి మళ్ళీ వెళ్ళిపోయింది. వెళ్ళే ముందు రోజు నా చేత మళ్ళీ బీరు కాయించి, వాసెన మాత్రం తనే కట్టింది.

"ఈసారి సీసాలు ముట్టుకోకండి. ఊరికే ఫోన్ చెయ్యండి, ఎత్తుతాను."

మూడో రోజు తెడ్డు కడిగి, పొడిగుడ్డతో తుడిచి, వాసెన విప్పాను. గాలి తగలకూడదని నాకు తెలుసు. అయినా మూత తీసి అడుగుదాకా తిరగకలిపాను. మళ్ళీ వాసెన కట్టాను. నీరజ ముడి వేసినంత బాగా రాలేదు. ఫోన్ చేశాను.

"మూడో రోజు కదా. తిరగకలిపాను."

పిల్లాణ్ణి చంద్రిక చేతికిచ్చినట్టుంది. వెనక చిన్నుగాడు ఏడుస్తున్నాడు.

"తడి చెయ్యి తగల్లేదు కదా?" అంది.

"తగల్లేదు," అన్నాను. "నువ్వు లేక తోచట్లేదే."