ఇరవయ్యో తారీఖు జలపాతం

మా అత్తగారు ఎలీసబెతు టీచర్ నోరు తెరిచి, కళ్లు సగం మూసి, లేసు సూదిని ముక్కు దగ్గర పట్టుకుని పదకొండు నిమిషాలు కదలకుండా ఉండిపోయారు. ఆవిడకేమీ కాలేదు. అయింది మా నెట్‌కి.

పద్మారావు నగర్‌లో మా హాల్లో కూర్చుని ఆవిడ "ఇప్పుడు దారం వెనక్కి తీసుకోండి" అని చక్కగా చెబుతూనే ఉన్నారు. పన్నెండుమంది శిష్యురాళ్ల ఫోన్లలో మాత్రం బొమ్మలా ఆగిపోయారు. సాయంత్రానికల్లా ఎవరో ఆ బొమ్మకింద "ఆగండి, వస్తున్నా" అని రాసి స్టిక్కర్ చేసేశారు. మా చర్చి సంఘం స్త్రీల గ్రూపులన్నిటిలో అది తిరిగింది. నేనూ ఒకటి దాచుకున్నాను. ఆ సంగతి ఆవిడకి తెలియదనుకున్నాను.

అత్తగారు నరసాపురం మనిషి. కోడలిగా సికింద్రాబాద్ వచ్చి, ఇక్కడి మిషన్ స్కూల్లో ముప్పై మూడేళ్లు లెక్కలు చెప్పారు. రిటైరయ్యాక ఊరికే కూర్చోలేక, అమ్మ దగ్గర నేర్చుకున్న లేసు అల్లికని ఫోన్లో నేర్పడం మొదలుపెట్టారు. నాలుగు శనివారాల క్లాసు. ఏడు, పధ్నాలుగు తారీఖుల్లో భేషుగ్గా జరిగింది. ఇరవై ఒకటిన బొమ్మయిపోయారు. ఇక మిగిలింది ఇరవై ఎనిమిది. ఆ రోజు అంచు కలపడం నేర్పాలి. అంచు కలపని లేసు ఒక్క దారం లాగితే మొత్తం ఊడి చేతికొస్తుంది. పన్నెండుమంది మూడు వారాల కష్టం ఆ చివరి ముడి మీద ఉంది.

"ఇంకోసారి ఇలా జరిగితే క్లాసు మానేస్తానమ్మాయ్," అన్నారు ఆవిడ. "అరవైమంది పిల్లల్ని కంటిచూపుతో కూర్చోబెట్టినదాన్ని. ఈ వయసులో నవ్వులపాలవడం నావల్ల కాదు."

సూదిని డబ్బాలో పెట్టి మూత వేశారు. ఆ డబ్బాకి మూత ఉందని నాకు అప్పుడే తెలిసింది.

మా ఆయన ఎరిక్ రైల్వే ఆఫీసులో పనిచేస్తారు. తప్పెవరిదో తేల్చడానికి ఆయనకి నిమిషం చాలు.

"నీ సీరియళ్లే ప్రిస్సీ. పొద్దస్తమానం ఫోన్లో నడుస్తుంటే నెట్ ఉంటుందా?"

"మనది అన్‌లిమిటెడ్ కదండీ. అయిపోనిదాన్నే కదా అలా అంటారు?"

"అన్‌లిమిటెడ్ అన్నారని మరీ నీలా వాడితే ఎలా?"

నేను చూసేది రోజుకి అరగంట, అదీ కూరగాయలు తరిగేటప్పుడు. తీర్పు అప్పటికే వచ్చేసింది కాబట్టి ఆ మాట చెప్పలేదు. "అయితే వేరే కంపెనీకి మారదాం," అన్నాను.

ఎరిక్ చుట్టూ చూసి గొంతు తగ్గించారు. "లూకాని కాదంటావా?"

ఇక్కడ లూకా గురించి చెప్పాలి. మాకు నెట్ ఇచ్చేది లూకా. డబ్బా టీవీల కాలం నుంచీ మా నాలుగు వీధులకీ కేబుల్ ఆయనదే, ఇప్పుడు నెట్టూ ఆయనదే. పైగా మా సంఘ పెద్ద. ఆదివారం ఆరాధనలో కానుకల సంచి పట్టుకుని ప్రతి వరుస దగ్గరా ఆగేది ఆయనే. ఆయన వైరు పీకేసి, ఆ సంచిలో ఏ ముఖంతో చెయ్యి పెడతాం? అందుకని మా వీధుల్లో నెట్ సతాయిస్తే జనం ప్రార్థన చేస్తారు గానీ కంప్లెయింట్ చెయ్యరు.

నేను బీకాం చదివాను. ఆ చదువు ఇంకెందుకూ పనికిరాకపోయినా, చిన్న అక్షరాలు చదివే అలవాటొకటి మిగిలింది. కందిపప్పు ప్యాకెట్ వెనక రాసిందంతా చదివిగానీ పొయ్యి వెలిగించను. లూకా ఇచ్చిన యాప్ తెరిచి, మా ప్లాన్ మీద నొక్కి, కిందికి, ఇంకా కిందికి వెళ్లాను. అట్టడుగున దొరికింది. ఫెయిర్ యూసేజ్ లిమిట్: నెలకి అయిదువందల జీబీ. ఆ తర్వాత వేగం ఒక్క ఎంబీపీఎస్. అంటే నల్లా బంద్ చెయ్యరు. ఒకటో తారీఖు దాకా బొట్టు బొట్టుగా వదులుతారు.

ఏ రోజు ఎంత వాడామో కూడా అందులోనే ఉంది. రోజూ పాతిక జీబీ, కాస్త అటూ ఇటూ. ఇరవయ్యో తారీఖుకల్లా అయిదువందలూ హరీ. కానీ నన్ను ఆపింది తొమ్మిదో తారీఖు. ఆ రోజు తెల్లవారకముందే తాళం వేసి అందరం వరంగల్ పెళ్లికి వెళ్లాం. ఇంట్లో నరమానవుడు లేడు. ఆ రోజు ఖర్చు ఇరవై రెండున్నర జీబీ.

నా సీరియళ్లు వాటంతటవే చూసుకోవు కదా. ఎవరు చెప్మా అని తలెత్తాను. ఎదురుగా టీవీలో జలపాతం మసక మసగ్గా దూకుతోంది.

మా ఇంట్లో పొద్దున్న అయిదింటికి టీవీలో ఆరాధన పాటలు పెడతాం. రాత్రి భోజనాలకి ముందు, ఎనిమిదింటికి కట్టేస్తాం. ఇంట్లో దేవుని పాట వినిపిస్తూ ఉండాలని అత్తగారి పట్టు. ఊరికెళ్లినా సరే, ఇల్లు మూగబోకూడదని పెట్టే వెళ్తాం, కట్టేసే టైము కూడా టీవీకి చెప్పే వెళ్తాం. పాటల వెనక ఓ జలపాతం. దాన్ని ఎవరూ చూడరు. అయినా ఎరిక్ టీవీ కొన్నరోజే, దాని ప్రతి నీటిబొట్టూ విడివిడిగా కనిపించేలా సెట్ చేసి పెట్టారు. గంటకి ఒకటిన్నర జీబీ. మా నెట్ కొట్టుకుపోతున్నది అందులోనే.

దేవుని పాటలే మీ క్లాసుని మింగేశాయి అని అత్తగారితో చెప్పడానికి చాలా ధైర్యం కావాలి. నాకంత లేదు. అందుకని లెక్క ఇచ్చాను.

"అత్తయ్యా, ఒక ట్యాంకులో అయిదువందల బిందెల నీళ్లున్నాయి. ఒక జలపాతానికి గంటకి ఒకటిన్నర బిందె కావాలి. రోజుకి పదిహేను గంటలు దూకుతుంది. ఇరవై రోజుల్లో ఎన్ని బిందెలు పోతాయి?"

"నాలుగువందల యాభై," అన్నారు, దారం చుట్టడం ఆపకుండానే. "ఇది అయిదో తరగతి లెక్క కదూ? ఎవరి పిల్లలకి చెబుతున్నావ్?"

టీవీ వైపు చూశాను. ఆవిడా చూశారు. దారం ఆగింది.

దారం ఉండ ఒళ్లో పెట్టుకున్నారు. "మిగతా యాభయ్యో?"

"మీ క్లాసులు, మీ అబ్బాయి క్రికెట్టు, నా అరగంట సీరియలు."

ఆవిడ రిమోట్ తీసుకుని టీవీ కట్టేశారు. పక్కింటి కుక్కర్ కూతలు మొదటిసారి మా హాల్లోకి వినిపించాయి.

"ఎరిక్!" అని పిలిచారు, క్లాసులో వెనక బెంచీని పిలిచినట్టు. "మీ ఆవిడకి క్షమాపణ చెప్పు."

"ఎందుకమ్మా?"

"లెక్క చెయ్యకుండా జవాబు రాసినందుకు. ముందు చెప్పు, ఎందుకో తర్వాత చెబుతాను."

ఆయన చెప్పారు. నేను పెద్ద మనసుతో, తొందరేమీ లేకుండా, ఇంకోసారి చెప్పించుకుని మరీ స్వీకరించాను. ఆ పాటలన్నీ పెన్‌డ్రైవ్‌లో ఎక్కించి టీవీకి గుచ్చాను. ఇకనుంచి ఎన్ని గంటలు పాడినా నెట్‌తో పని లేదు.

కానీ ఈ నెల ట్యాంకు ఎప్పుడో ఖాళీ. మళ్లీ శనివారానికి వారమే ఉంది.

ఆదివారం ఆరాధన అయ్యాక లూకా ఎప్పటిలాగే మా ఇంటికి టీకి వచ్చారు. "వందనాలు టీచర్," అని చెప్పులు విడిచారు. అత్తగారు నేరుగా సంగతికొచ్చారు.

"ఒరేయ్ లూకా, నీ నెట్‌కి హద్దుంది. మాకెందుకు చెప్పలేదు?"

"గదేం లేదు టీచర్. అన్‌లిమిటెడే. ఎన్నడన్న బంద్ అయ్యిందా?"

"నత్తలా పాకుతోంది."

"పాకుడు వేరే, బంద్ అవుడు వేరే టీచర్. నడుస్తున్నదా లేదా? గందుకే అన్‌లిమిటెడ్ అంటం."

అత్తగారు కళ్లద్దాలు తీసి తుడుచుకున్నారు. ఆవిడ దగ్గర చదివినవాళ్లకి అదంటే ఏమిటో తెలుసు. లూకా కుర్చీలో కాస్త సర్దుకున్నారు.

"ఆరో తరగతిలో నువ్వు ప్రతి పరీక్షలోనూ సగం లెక్క చేసి వదిలేసేవాడివి. అడిగితే, 'పేపర్ ఖాళీగా ఇయ్యలే కదా టీచర్' అనేవాడివి. గుర్తుందా?"

"...ఉంది టీచర్."

"ఎన్ని మార్కులేసేదాన్ని?"

యాభై ఎనిమిదేళ్ల సంఘ పెద్ద నేల చూపులు చూశారు. "సున్నా."

"టీ చల్లారిపోతోంది, తాగు. శనివారం ఒక్కరోజు వేగం పెంచగలవా?"

"నా చేతుల లేదు టీచర్, పైనుంచే గట్ల సెట్టింగు. ఒకటో తారీఖు దాక జెర ఓపిక పట్టుండ్రి."

"అంచు ఓపిక పట్టదురా. మేం వేరే నెట్ పెట్టించుకుంటున్నాం. నీకు ముఖాన చెబుతున్నాను. వెనకాల చెయ్యడం నాకు చాతకాదు."

ఎరిక్ చేతిలో బిస్కెట్ టీలో పడి మునిగిపోయింది. ఆయన దాన్ని కాపాడే ప్రయత్నం కూడా చెయ్యలేదు.

లూకా కప్పు కింద పెట్టారు. "మీ ఇష్టం టీచర్. గాని ఒక్క ముచ్చట. ఏ కంపెనోడైనా హద్దు పెడ్తడు. ఉత్తగ పరేషాన్ అయితరు."

అది కోపంతో అన్నా, మంచి మాటే. నేను గుర్తుపెట్టుకున్నాను.

సోమవారం పొద్దున్నే ఒక కంపెనీకి ఫోన్ చేశాను. రజిత అనే అమ్మాయి తీసి, "అన్‌లిమిటెడ్ ప్లాన్ ఉంది మేడమ్," అంది.

"అన్‌లిమిటెడ్ ఎంత?" అన్నాను.

అటువైపు కీబోర్డు టకటకలాడింది. "మూడువేల మూడువందల జీబీ మేడమ్."

"అది దాటాక వేగమెంత? మళ్లీ మొదలయ్యేది ఒకటో తారీఖునా, మీరు కనెక్షన్ ఇచ్చిన తారీఖునా? మా ఇంటి నుంచి బయటికి పంపే వేగం, లోపలికొచ్చే వేగం ఒకటేనా? మా అత్తగారు పాఠం చెబుతారు, ఆవిడ బొమ్మ బయటికి పోవాలి. ఇవన్నీ మెసేజ్‌లో రాసి పంపుతావా తల్లీ?"

"మేడమ్, మీరు ఏ నెట్ కంపెనీలో చేస్తారు?"

"వంటింట్లో."

పాపం, అన్నీ రాసి పంపింది. అదే మాట మరో రెండు కంపెనీలని అడిగితే ఒకరు ఫోన్ పెట్టేశారు, ఇంకొకరు పైవాళ్లని అడిగి చెబుతామని ఇప్పటిదాకా అడుగుతూనే ఉన్నారు. రజిత కంపెనీయే ఖాయం చేశాను.

గురువారం ఇద్దరు వచ్చి బాల్కనీలోంచి కొత్త వైరు లాగారు. పాతది తీసెయ్యమంటారా అన్నారు. కొత్తది నిలబడేదాకా పాతదాన్ని ముట్టుకోవద్దన్నాను. ఫోన్ పట్టుకుని, ఇంట్లో నెట్ సరిగ్గా అందని నా సొంత సిమ్ మీద, మేడ మీదికెక్కి అత్తగారికి వీడియో కాల్ చేశాను. "నోరు తెరవండత్తయ్యా. ముయ్యండి. మళ్లీ తెరవండి." పావుగంట పాటు ఆవిడ నోరు ఎక్కడా ఆగలేదు. పెళ్లయిన ఇన్నేళ్లలో అందుకు నేను సంతోషించడం అదే మొదటిసారి.

శనివారం నాలుగింటికి డబ్బా మూత తెరుచుకుంది.

తెరమీద పన్నెండు ముఖాలు. అత్తగారు సూది ఎత్తారు, దించారు, వేళ్లు తిప్పారు. ఆ వేళ్ల మీది ముడతలు కూడా కనిపిస్తున్నాయని కార్ఖానా ఏరియాలో ఉండే శిష్యురాలెవరో అన్నారు. "ముడతలు కాదు, ముడి చూడు," అన్నారు ఈవిడ. అందరూ నవ్వారు. ఈసారి ఆవిడతో కలిసి.

అయిదో కుట్టు దగ్గర ఒక ముఖం ఆగిపోయింది. నోరు తెరిచి, కనుబొమలు పైకెత్తి, సూది గాలిలో. ఆవిడ రాహేలు, లూకా భార్య. వాళ్లింట్లో నెట్ ఎవరిదో చెప్పక్కర్లేదు.

"కాసేపు ఆగుదాం," అన్నారు అత్తగారు. "ఒక్కరినైనా వదిలి అంచు కలపను."

పది నిమిషాల్లో కింద స్కూటర్ ఆగింది. రాహేలు లేసు సంచి పట్టుకుని ఆయాసపడుతూ మెట్లెక్కి వచ్చింది. "జరుగు వదినా," అని నన్ను సోఫాలోంచి తోసి అత్తగారి పక్కన కూర్చుంది. వెనకాల లూకా, గుమ్మం దగ్గరే నిలబడి, మా బాల్కనీలో మెరుస్తున్న కొత్త వైరుని చూడనట్టు చూస్తున్నారు.

"లోపలికి రండన్నా, టీ పెడతాను," అన్నాను.

పావు తక్కువ అయిదుకి చివరి ముడి పడింది. అత్తగారు "లాగండి," అన్నారు. పన్నెండుమందీ భయం భయంగా లాగారు. ఏ ఒక్కటీ ఊడలేదు. తెరనిండా తెల్లటి లేసు గుడ్డలు లేచి నిలబడ్డాయి, రాహేలుది మా హాల్లోనే. అత్తగారు కళ్లద్దాలు తీసి తుడుచుకున్నారు. ఈసారి ఎవరూ భయపడలేదు.

"వచ్చే నెల టేబుల్ గుడ్డ మొదలుపెడదాం," అన్నారు.

లూకా టీ కప్పు నాకు ఇస్తూ మెల్లగా అడిగారు. "ప్రిసిల్లమ్మా, మీ కొత్తదాని లిమిట్ ఎంత?"

"మూడువేల మూడువందలు అన్నా. అది దాటితే ఎంతో కూడా రాసిచ్చారు, చూస్తారా?"

ఆయన చూశారు. రెండుసార్లు చదివారు.

మర్నాడు కానుకల సంచి మా వరుస దగ్గర మామూలుకన్నా ఒక క్షణం ఎక్కువ ఆగింది. ఎరిక్‌కి చెమటలు పట్టాయి. "లిమిట్ సంగతి బోర్డు మీద రాసి ఆఫీసు ముందల పెట్టిన," అని గుసగుసలాడి లూకా ముందుకెళ్లిపోయారు.

ఒకటో తారీఖున అత్తగారి ఫోన్‌కి ఆయన మెసేజ్ పెట్టారు: "టీచర్, పైనోళ్లతోని మాట్లాడిన. పెద్ద లిమిట్ ప్లాన్ షురూ చేస్తున్న. మల్ల మా దిక్కు వస్తరా?"

అత్తగారు కళ్లద్దాలు సర్దుకుని ఫోన్లో ఏదో వెతికి, ఒక్కసారి నొక్కి పక్కన పెట్టేశారు. నేను వంగి చూశాను. తెరిచిన నోరు, సగం మూసిన కళ్లు, ముక్కు దగ్గర సూది. కింద "ఆగండి, వస్తున్నా."

అది ఆవిడ ఫోన్లో ఎప్పట్నుంచి ఉందో నేను అడగలేదు. నా ఫోన్లో ఎందుకుందో ఆవిడా అడగలేదు.