మూడో ఏటి వడ్డీ

మనవరాలు కాగితం మీద ఇరవై వేలు అని అంకెల్లో రాసి, దాని చుట్టూ గడి గీసింది. లోపలికి మరే అంకె రాకూడదన్నట్టు ఆ గీతను రెండోసారి దిద్దింది.

అది వాళ్ళమ్మ సొమ్ము. నా కూతురు చొక్కాల కర్మాగారంలో కాలర్లు కుట్టేది. సెలవు రోజుల్లో చేసిన పనికి వచ్చిన కూలి కూడబెట్టి, మూడేళ్ళ క్రితం పిల్ల పేరున పొదుపు సంఘంలో వేసింది. ఏడాదికి నూటికి పది, చక్రవడ్డీ. రెండేళ్ళు నిండేసరికి తాను కన్నుమూసింది. ఇప్పుడు గడువు తీరింది. పిల్లకు కాలేజీలో సీటు వచ్చింది. రేపటిలోగా ఫీజు ఆరు వేల ఆరు వందలు కట్టకపోతే ఆ సీటు వేరొకరిది. పుస్తకాలకు అట్టలు కట్టే నా పనిలో ఆ మొత్తం ఈ నెల పుట్టదు.

"అమ్మ డబ్బు ముట్టుకోను తాతయ్యా. కావాలంటే చదువు మానేస్తాను."

"అసలు ముట్టుకోవద్దే తల్లీ. వడ్డీ ఒక్కటే తీద్దాం."

"వడ్డీ చాలదుగా. ఏడాదికి రెండు వేలు. మూడేళ్ళకి ఆరు వేలు. తక్కిన ఆరొందలూ నీ జిగురు డబ్బాలోంచి వస్తాయా?"

"చక్రవడ్డీకి బారువడ్డీ లెక్క కడతావేమిటే? పరీక్షలో సూత్రం రాసి మార్కులు తెచ్చుకున్నదానివి. అది వేసి చూడు."

"సూత్రం వద్దు. అది గబుక్కున చివరికి లాక్కుపోతుంది. మధ్యలో అమ్మ ఉన్న రోజులు దాంట్లో కనపడవు."

కుర్చీ ఆమె పక్కకు జరుపుకున్నాను.

"సరే, ఏడాది తరవాత ఏడాది నడుద్దాం పద. మొదటి ఏడాది వడ్డీ ఎంత?"

"రెండు వేలు."

"అది మనం తీసుకోలేదు. అక్కడే ఉంచాం. ఇప్పుడు అసలెంత?"

"ఇరవై వేలు."

"కాదే. వడ్డీ వచ్చి అసల్లో కలిసింది. ఇరవై రెండు వేలు."

"కలిపేస్తే, అమ్మ వేసినవి ఏవో ఎలా తెలుస్తుంది?"

గడి ఎందుకు గీసిందో అప్పుడు బోధపడింది. ఆమెకు లెక్క రాకపోవడం కాదు. కలపడానికి చెయ్యి రావడం లేదు.

"నీకు జడ వెయ్యడం నేర్పింది అమ్మే కదా," అన్నాను. "ఇప్పుడు నువ్వే వేసుకుంటున్నావు. అందులో అమ్మ పనెంతో నీ పనెంతో విడదీసి చెప్పు చూద్దాం."

ఆమె చెయ్యి తనకు తెలియకుండానే జడ మీదికి పోయింది. "పో తాతయ్యా, మాటలు నేర్చావు," అని, గడి బయట ఇరవై రెండు వేలు రాసింది.

రెండో ఏడాది నేను అడగక్కర్లేకపోయింది. ఇరవై రెండు వేలకు రెండు వేల రెండు వందలు. కలిపితే ఇరవై నాలుగు వేల రెండు వందలు. "ఆ ఏడాదే అమ్మ నాకు సైకిలు నేర్పింది," అంది రాస్తూనే. "నాకన్నా తనే ఎక్కువసార్లు పడింది."

మూడో ఏడాది దగ్గర కలం ఆగింది.

"అప్పుడు అమ్మ లేదుగా."

"లేదు."

"అయినా పెరిగిందా?"

"పెరిగింది."

"ఎవరు చూశారని?"

ఆమె తలవంచుకుని రెండు వేల నాలుగు వందల ఇరవై అని రాసింది. మొత్తం ఇరవై ఆరు వేల ఆరు వందల ఇరవై. అసలు పోను ఫీజుకు సరిపడా వచ్చింది. ఆమె ముఖంలో మాత్రం సంతోషం లేదు.

"అన్నిటికన్నా అమ్మ లేని ఏడాదే ఎక్కువొచ్చింది," అంది, కాగితం మీద కోపంతో.

ఆ లెక్క నాకు కొత్త కాదు. దుఃఖమూ నిన్నటిది నేటి అసల్లో కలుపుకునే పెరుగుతుంది.

పిల్ల చంటిబిడ్డగా ఉన్నప్పుడు ఎత్తుకుని "అసలు కన్నా వడ్డీ ముద్దు" అనేవాణ్ణి. నా కూతురు మూతి ముడిచేది: "అసలు ఇక్కడే నిలబడి ఉంది నాన్నా, కాస్త ఇటు చూడు." ఎన్నిసార్లు చూశానో గుర్తు లేదు. చూసే ఉంటాను.

మర్నాడు పొద్దున్నే సంఘానికి వెళ్ళాం. గుమాస్తా అంకెలు సరిచూసి తలెత్తాడు. "వడ్డీ మొత్తం ఇచ్చేస్తాను తాతగారూ. ఫీజు పోగా ఇరవై మిగులుతుంది, పాపకి ఐస్‌క్రీం కొనిపెట్టండి."

"ఆ ఇరవై అసల్లో కలిపెయ్యండి," అంది మనవరాలు.

గుమాస్తా నవ్వాడు. "ఇరవైకి ఏం వస్తుందమ్మా? ఏడాదికి రెండు రూపాయలు!"

"తెలుసండి. పై ఏడాది రెండు రూపాయల ఇరవై పైసలు. కలపండి."

ఆమె సంతకం పెట్టింది. గుమాస్తా ముద్ర వేసి కొత్త రసీదు నా చేతికిచ్చాడు. అసలు అన్న మాటకు ఎదురుగా ఇరవై వేల ఇరవై అని ఉంది. చుట్టూ గడి లేదు. మనవరాలు ఫీజు డబ్బు జాగ్రత్తగా సంచిలో పెట్టుకుని మెట్లు దిగుతూ, "రా తాతయ్యా, ఆలస్యమైతే కాలేజీలో వరస పెరిగిపోతుంది," అని పిలిచింది.

వస్తున్నానన్నాను. కళ్ళజోడు సరిచేసుకుని ఆ అంకెను మళ్ళీ చూశాను. అందులో నా కూతురు వేసినవి ఏవో వెతుకుతూ అక్కడే నిలబడ్డాను.