కాసులమ్మ రుచి చూడని కోడి

ఇలా దగ్గరికి జరగండి నాయనా, ఇంకాస్త. తుప్పు అంటుతుందని జంకకండి, కడిగితే పోతుంది. గొంతు పెంచి చెప్పే వయసు కాదు నాది. నేను ఒక ఇనుప చువ్వను. కోడిని గుచ్చి నిప్పు మీద తిప్పుతారే, ఆ చువ్వను. ఇప్పుడు ఈ రేకుల షెడ్డు వెనక, పగిలిన కమోడ్ పక్కన పడి ఉన్నాను. ఇరుగుపొరుగును ఎంచుకునే రోజులు కావు నావి.

నేను పుట్టింది కొండ కింద సంతలో. కమ్మరి ఒకడు, కూలిన వంతెన రెయిలింగు ముక్కను గునపం చేద్దామని కొలిమిలో పెట్టాడు. నేనేమో సన్నగా సాగిపోయాను. "గునపానికి రాదు గానీ కోడికి పనికొస్తాది, పట్టుకుపో" అని ఒక కొండావిడ చేతిలో పెట్టాడు. ఆవిడ పేరు గంగులమ్మ. బుట్టెడు చింతపండు అతని ముందు కుమ్మరించి, నన్ను భుజాన వేసుకుని నాలుగు కోసులు నడిచింది.

ఘాట్ రోడ్డు మలుపులో గొయ్యి తవ్వి, బొగ్గులు పరిచి, శీతాకాలమంతా కోళ్ళు కాల్చేది గంగులమ్మ. లారీలవాళ్ళు దుప్పట్లు కప్పుకుని చుట్టూ కూర్చునేవారు. ఆవిడకు ఒక పద్ధతి ఉండేది. కోడి కాలాక, తొడ దగ్గర, ఎముకను అంటుకుని ఉన్న చోట చిటికెడు మాంసం తుంచి, అందరూ చూస్తుండగా ముందు తాను తినేది. తిన్నాకే ఆకుల్లో పెట్టేది. "చెడితే ముందు నా కడుపే చెడాల" అనేది. కూతురు కాసులమ్మకు ఆస్తి అంటూ ఇచ్చింది ఆ మాటనూ, నన్నూ.

ఇక్కడ నా సంగతి కూడా ఒకటి చెప్పాలి. కోడి పైన ఎలా ఉందో లోకమంతా చూస్తుంది. లోపల ఎలా ఉందో నాకే తెలుస్తుంది, దాని గుండె దారినే కదా నేను దూరేది. ఎముక పక్కన సన్నగా చలి మిగిలి ఉంటే నాకు ఒళ్ళంతా తెలిసిపోతుంది. నా తరవాత తెలిసేది కాసులమ్మ నాలుకకే. మా ఇద్దరి మాటా ఇరవై ఏళ్ళలో ఒక్కసారి కూడా తేడా రాలేదు.

తరవాత మంచు చూడటానికి జనం రావడం మొదలైంది. పొగమంచులో ఏం కనపడుతుందో నాకు తెలియదు. ఏమీ కనపడకపోవడం చూడటానికే అంత దూరం వస్తారనుకుంటాను. వాళ్ళ వెనకే అనకాపల్లి వైపు నుంచి నూకరాజు వచ్చాడు. మలుపులో ఉన్న చోటంతా చదును చేయించి గుడారాలు వేశాడు. కాసులమ్మ గొయ్యి గుడారాల కింద పూడిపోయింది. "నీ చేతి వంట కోసమే జనం వత్తన్నారు కాసులమ్మా, ఆ వంటేదో నా దగ్గరే సెయ్యి" అన్నాడు. ఆమెకు ఇంకో చోటు ఏది? సరేనంది.

ఒక డిసెంబరులో కొత్త పొయ్యి దిగింది. రంపపు పొట్టును గుళికలుగా ఒత్తి బస్తాల్లో అమ్ముతారట. ఆ గుళికలు ఒక పెట్టెలో పోస్తే, కరెంటు మర ఒకటి కొంచెం కొంచెంగా మంటలోకి తోస్తుంది. కాసులమ్మ గుప్పెడు గుళికలు తీసి చూసింది.

"దాణాలాగుంది బాబూ. కోళ్ళు తినేదాంతోనే కోళ్ళని కాలుస్తారా?"

"నీకు తెలీదులే. ఇదిగో, వేడి సూపించే ఈ ఎర్ర అంకెలు సూడు. ఇక్కడికొత్తే కోడి అయిపోయినట్టే."

దానితో వచ్చిన చువ్వ మూడు నాటుకోళ్ళ బరువుకు వంగిపోయింది. అందుకని నా తోకను ఆకురాయితో నలుపలకలుగా అరగదీసి, చువ్వను తిప్పే మోటారుకు బిగించారు. నొప్పి సంగతి వదిలేయండి. నన్ను తిప్పుతున్నది కాసులమ్మ చెయ్యి కాదు, అదే బాధ.

మొదటి వారమే నూకరాజు కంట ఆమె పద్ధతి పడింది. "ఏటి కాసులమ్మా, ఎంగిలి సేసి పెడతన్నావేటి? ఆళ్ళు కార్లేసుకుని వచ్చినోళ్ళు. ఇంకోపాలి నోట్లో పెట్టావంటే ఊరుకోను."

"తినకపోతే ఎలా తెలుస్తది బాబూ?"

"అంకెలు లేవేటి?"

నేను బడి మొహం చూసినదాన్ని కాదు, అంకెలు రావు. కానీ ఆ అంకెలు చెప్పేది పొయ్యిలోని గాలి సంగతని నాకు తెలుసు. కోడి తొడ సంగతి వాటినెవరూ అడగలేదు.

ఆ ఆదివారం పదకొండయినా మంచు విడలేదు. కోళ్ళను ఐసుపెట్టెలోంచి తీసి, లోపలి గడ్డ కరగకముందే నాకు గుచ్చారు. నూకరాజు పది నిమిషాలకోసారి పొయ్యి మూత ఎత్తి వచ్చినవాళ్ళకు ఫొటోలు తీయించాడు. ఎత్తినప్పుడల్లా చలిగాలి లోపలికి దూకేది. మూత వేయగానే అంకెలు గబగబా పైకెక్కేవి. కోళ్ళ చర్మం తేనె పూతకు బంగారంలా మెరుస్తోంది. నాకు మాత్రం నడుము దగ్గర చల్లగా ఉంది.

"ఇంకా అవలేదు బాబూ," అంది కాసులమ్మ. ఎముక దగ్గర కోసి చూద్దామని కత్తి అందుకుంది.

"కొయ్యకు. కోడిని కోడిలాగే బల్ల మీదికి తేవాల, ఆళ్ళు ఫొటో తీసుకోవాల."

"పోనీ ఒక్క ముక్క నోట్లో..."

"ఏటి సెప్పాను నీకు?"

ఆమె చెయ్యి ఆగిపోయింది. నాయనా, ఇనుముకు నోరుంటే బాగుండునని నేను అనుకున్నది ఆ ఒక్కసారే.

తిన్నవాళ్ళలో ఒక ముసలావిడ ఉంది. సాయంత్రానికి వాంతులు. కింద ఆసుపత్రిలో మూడు రోజులు ఉంది. కొడుకు తిరిగి వచ్చి, ఎముక దగ్గర ఎర్రగా ఉన్న ముక్క ఫొటో చూపించి నిలదీశాడు. నూకరాజు చేతులు జోడించాడు. "తప్పయిపోనాది సారూ. కొండమనిషి, ఉడికిందో లేదో సూసుకోడం రాదు. ఇప్పుడే మానిపించేత్తన్నాను."

కాసులమ్మ పక్కనే నిలబడి ఉంది. ఆ కొడుకు వైపు తిరిగి, "అమ్మగారికి ఎలా ఉంది బాబూ?" అని ఒక్కటే అడిగింది. ఆయన మొహం తిప్పుకున్నాడు. ఆమె కొంగుతో చేతులు తుడుచుకుని దిగువకు నడిచింది.

అసలు చేదు ఇప్పుడు వినండి. జనానికి మళ్ళీ నమ్మకం కలగాలి కదా. నూకరాజు తెల్ల టోపీ పెట్టిన వంటమనిషిని తెచ్చాడు, అతనితో కొత్త స్టీలు చువ్వ వచ్చింది, నన్ను ఇక్కడికి విసిరేశారు. కోడి కాలగానే టోపీ ఆయన గంట కొడతాడు. అందరూ చేరాక, తొడ దగ్గర ముక్క తుంచి, వాళ్ళ ముందే తిని, తల ఊపుతాడు. జనం చప్పట్లు కొడతారు. ఎంగిలి అన్నవాళ్ళు ఇంతవరకూ ఎవరూ లేరు.

ఒక రోజు కాసులమ్మ కట్టెల మోపుతో అటు వెళ్తూ గంట విని ఆగింది. చప్పట్లయ్యేదాకా చూసింది. తరవాత షెడ్డు వెనక్కి వచ్చి నన్ను చేతిలోకి తీసుకుంది. అరగదీసిన నా తోకను బొటనవేలితో తడిమింది. తీసుకెళ్తుందనుకున్నాను. "నిన్ను కూడా వాళ్ళ పొయ్యికే అరగదీసేశారు" అని ఎక్కడ తీసిందో అక్కడే పెట్టి వెళ్ళిపోయింది.

రేపో మాపో పాత ఇనుప సామాన్లవాడు వస్తాడు. కొలిమి నాకు కొత్త కాదు. నేను కరిగిపోతే ఈ సంగతి తెలిసినవాళ్ళు ఇద్దరే మిగులుతారు. ఒకరు చెప్పరు, ఒకరిని ఎవరూ అడగరు. అందుకే మిమ్మల్ని పిలిచాను. ఎప్పుడైనా ఆ మలుపులో ఆగి, గంట విని, చప్పట్లు కొట్టబోతే ఒక్క క్షణం చేతులు ఆపండి. పక్కన ఉన్నవాళ్ళకు చెప్పండి: ఆ కోడి ఉడకలేదని కాసులమ్మ ముందే చెప్పింది.