దిగితేగాని కదలని బండి

మెకానిక్ రోజూ షెడ్డు తలుపు తీశాక ముందు పానాలన్నీ పాత గుడ్డతో తుడిచి, చిన్నవి ఒకవైపు, పెద్దవి ఒకవైపు పేర్చుకునేవాడు. ఆ తర్వాతే టీ. ఎంత తొందరమీద వచ్చినవాడైనా ఈ రెండూ అయ్యేదాకా ఆగాల్సిందే. ఇంకో అలవాటు కూడా ఉంది. ఎవరి బండైనా సరే, లోపలికెక్కి కూర్చునేవాడు కాదు. కిటికీలోంచి చెయ్యి పెట్టి తాళం తిప్పేవాడు.

ఆ ఊళ్ళో జనం కార్లలో పెద్దగా మాట్లాడుకోరు. కార్లో కూర్చుని అబద్ధమాడితే, ఆడినవాళ్ళు దిగేదాకా ఇంజను పనిచెయ్యదు. పెట్రోలు అయిపోతే బండి ఆగుతుంది, ఇదీ అంతే. దానికెవరూ ఆశ్చర్యపోరు. ఇన్సూరెన్సు ఏజెంటు బతుకంతా సైకిలు మీదే గడిపాడు. ఎన్నికల్లో నిలబడ్డ పెద్దమనిషి కారు వెనక తోసేవాళ్ళు నలుగురు ఎప్పుడూ సిద్ధంగా ఉండేవారు. కొత్తగా పెళ్ళయినవాళ్ళు నడిచి తిరగడానికే ఇష్టపడేవారు.

అయినా మెకానిక్ ఎవరినీ ముందే "మీలో ఎవరేం అన్నారు?" అని అడిగేవాడు కాదు. బ్యాటరీ చూసేవాడు, ప్లగ్గులు విప్పేవాడు, పెట్రోలు పైపు ఊదేవాడు. ఈలోగా తప్పుచేసిన మనిషి కాళ్ళు తిమ్మిరెక్కాయనో, సిగరెట్టు కాల్చుకోవాలనో దిగిపోయేవాడు. బండి స్టార్టయ్యేది. "కార్బురేటర్లో చెత్తండీ" అనేవాడు మెకానిక్, నేలమీద నిలబడి. అందరి పరువూ దక్కేది.

ఆ రోజు వచ్చింది చెల్లెలూ బావా. అటుగా వెళ్తూ పలకరించి పోదామని ఆగారు. బావకి గడియారాల కొట్టుంది; టైముకి కదలకపోతే మనిషి రుసరుసలాడతాడు. కారు దిగనే లేదు.

"లోపలికి రా బావా, టీ తాగి వెళ్దువుగాని."

"మళ్ళీ వస్తాంలే. కొట్టు తెరవాలి."

మెకానిక్ చెల్లెలి వైపు కిటికీలోకి వంగాడు. ఆమె నవ్వింది గాని పెదాలు విప్పలేదు. చిన్నప్పుడు ఆమె నవ్వితే వీధి చివరిదాకా వినపడేది. బాగున్నావా అని పలకరిస్తుంటే ముందు పన్ను ఊడిన సందు కనపడింది.

"ఆ ముందు పన్నేమైందే?"

"స్నానాలగదిలో జారిపడ్డాను అన్నయ్యా."

బావ తాళం తిప్పాడు. ఇంజను గుర్రుగుర్రుమంది, అందుకోలేదు. మళ్ళీ తిప్పాడు. మళ్ళీ అంతే.

షెడ్డు పక్కనే ఉన్న ఇంటి గుమ్మంలో బట్టలు మడతపెడుతున్న మెకానిక్ భార్య చేతులు ఆగిపోయాయి.

మెకానిక్ బానెట్ ఎత్తాడు. ఇన్నేళ్ళలో ఇంత శ్రద్ధగా ఏ బండినీ చూడలేదతను. బ్యాటరీ వైర్లు గీకి బిగించాడు. ప్లగ్గు విప్పి, వైరు తగిలించి చూస్తే నిప్పురవ్వ నీలంగా, చక్కగా పడుతోంది. ఛ, అనుకున్నాడు. పైపు లాగితే పెట్రోలు చేతిమీదికి చిమ్మింది. ఎక్కడో ఒక్క వైరు తెగి ఉండాలని ఒక్కొక్కదాన్నీ తడుముకుంటూ వెళ్ళాడు. ఏదీ తెగలేదు.

"బావా, నువ్వొకసారి దిగు."

బావ దిగాడు. మెకానిక్ కిటికీలోంచి తాళం తిప్పాడు. స్టార్టవలేదు.

"నువ్వు దిగమ్మా."

ఆమె సంచీ ఒళ్ళోకి లాక్కుంది. తర్వాత దిగింది. తాళం ఇలా తిప్పాడో లేదో ఇంజను అందుకుంది.

బావ భార్యనే చూశాడు. "నోరు మూసుకుని కూర్చుంటే ఈపాటికి సగం దూరం పోయుండేవాళ్ళం. జారిపడ్డానని చెప్పమని నిన్నెవరడిగారు? ఉన్నదేదో చెప్పుంటే బండన్నా కదిలేది."

కాదనలేదు, బుకాయించలేదు. ఆ పన్ను తన చేతి పనేనని ఒప్పుకోవడానికి కూడా అతనికి పెద్ద కష్టమనిపించలేదు. కొళాయి దగ్గరికి వెళ్ళి రుమాలు తడుపుకుంటూ నిలబడ్డాడు.

ఆమె మళ్ళీ వెళ్ళి తన సీట్లో కూర్చుంది. మెకానిక్‌ చేతిలో పానా కింద పడేసి, అవతలి తలుపు తీసి, ఎన్నడూ చెయ్యని పని చేశాడు. డ్రైవరు సీట్లో చెల్లెలి పక్కన కూర్చున్నాడు.

"వెళ్ళకే. ఇక్కడే ఉండిపో."

ఇంజను ఆడుతోంది.

"నీ గదిలో మీ వదిన కుట్టుమిషనుంది. తీయిస్తాను. అది సణుగుతుంది, సణగనీ. నేను చెప్పుకుంటాను."

ఇంజను ఆడుతూనే ఉంది. అతనికి ధైర్యమొచ్చింది.

"నువ్వు నాకేం బరువే పిచ్చిదానా!"

ఇంజను ఒక్క దగ్గు దగ్గి ఆగిపోయింది.

కొళాయి నీళ్ళ చప్పుడు పెద్దగా వినిపించింది. అతను తాళం తిప్పబోయి మానేశాడు. తన లోపల అలాంటిదొకటి ఉందని అతనికే తెలీదు. తెలీదనుకోవడం కూడా ఆ సీట్లో కూర్చున్నంతసేపూ కుదిరే పని కాదు.

"దిగన్నయ్యా," అంది చెల్లెలు. గొంతులో కోపం లేదు. కోపం ఉన్నా బాగుండేది. "నువ్వు దిగితేగాని ఇది కదలదు."

"అది కాదమ్మా..."

"దిగు."

దిగాడు. ఆమె సంచీ పక్కన పెట్టి, పావడా రోజుల్లో ఈ షెడ్డు వాకిట్లో అన్నయ్య బండి నడపడం నేర్పినప్పటిలా, చీర కుచ్చెళ్ళు కాస్త పైకి లాక్కుని డ్రైవరు సీట్లోకి జరిగింది. తాళం తిప్పింది. మొదటిసారికే అందుకుంది.

బావ తడి రుమాలుతో పరిగెత్తుకొచ్చి బానెట్ మీద చరిచాడు. "ఏయ్! ఎక్కడికే?"

ఆమె బండిని వెనక్కి తీసి, వీధివైపు తిప్పింది. ఇద్దరినీ ఒకసారి చూసింది.

"తెలీదు," అంది.

ఇంజను ఆగలేదు.